విలన్ని పట్టించిన గ్లాసు

రైలు పరుగెడుతూ ఉంటుంది. మామూలు రైలు కాదు, ఇస్తాంబుల్ నుంచి యూరప్ మీదుగా సాగే ఓరియంట్ ఎక్స్‌ప్రెస్. భోజనాల పెట్టెలో తెల్లగుడ్డ పరిచిన బల్ల. ఒకవైపు మన జేమ్స్ బాండ్, అతనితో రష్యన్ సుందరి టాటియానా. వాళ్ళతోపాటు, తానూ బ్రిటిష్ గూఢచారినేనని చెప్పుకునే ఒక ఆజానుబాహువు. జుట్టు బంగారు రంగు, సూటు ఖరీదైనది, మాట తీరు మర్యాదస్తుడిది. ముగ్గురూ సోల్ అనే చేపని కాల్చి తెమ్మన్నారు. బాండ్ తెల్ల షాంపేన్ అడిగాడు, 'బ్లాంక్ డి బ్లాంక్' అనే రకం. ఆజానుబాహువు మాత్రం కియాంటీ కావాలన్నాడు. అది ఇటలీ వైను. పైగా ఎర్రదే కావాలని నొక్కి మరీ చెప్పాడు.

అంతే! దొరికిపోయాడు.

1963లో వచ్చిన 'ఫ్రమ్ రష్యా విత్ లవ్' చూసినవాళ్ళకి ఈ ఘట్టం గుర్తుండే ఉంటుంది. బాండ్‌గా షాన్ కానరీ, దొంగ గూఢచారి గ్రాంట్‌గా రాబర్ట్ షా. కాసేపటికి గ్రాంట్ అసలు రూపం బయటపెట్టి తుపాకీ గురిపెడతాడు. అప్పుడు బాండ్ నాలిక కరుచుకుని, చేపతో ఎర్ర వైను తాగినప్పుడే వీడు మనవాడు కాడని కనిపెట్టి ఉండాల్సిందనుకుంటాడు. హాల్లో నవ్వులు! కాని గ్రాంట్ ఊరుకోడు. ఏ వైను ఎప్పుడు తాగాలో నీకు బాగా తెలిసే ఉండొచ్చు, ఇప్పుడు మోకాళ్ళ మీద కూచున్నది మాత్రం నువ్వే అన్న అర్థం వచ్చేట్టు ఎదురు దెబ్బ కొడతాడు.

ఆ ఇద్దరి మాటల మధ్య ఉన్నది తుపాకీ ఒక్కటే కాదు సుమండీ, ఒక గోడ కూడా ఉంది. బల్ల దగ్గర పద్ధతి తెలిసినవాళ్ళు అటు, తెలియనివాళ్ళు ఇటు. ఆ గోడ మన కుర్రకారుకీ కొత్త కాదు. పెద్ద హోటల్లోకి మొదటిసారి అడుగుపెట్టిన రోజున మెనూ కార్డు చూసి గొంతు తడారిపోవడం ఎంతమందికి అనుభవం లేదు? ఏది అడిగితే నవ్వుతారో, ఏ చెంచా ముందు ఎత్తాలో! వచ్చినవాడు రుచి చూడడానికి వచ్చాడా, పరీక్ష రాయడానికి వచ్చాడా అనిపిస్తుంది.

అందుకే ఈ వారం మన శీర్షికలో ఆ గోడ సంగతి తేల్చేద్దాం. చేపకి తెల్ల వైను అన్న సూత్రం దొరల దర్జా కోసం పుట్టిందా, నాలుక కోసం పుట్టిందా? ఉదాహరణకి ఒక్క ఫ్రెంచి తెల్ల వైనుని తీసుకుందాం. దాని పేరు షాబ్లీ.

ముందే ఒక మాట. ఇది తాగమని చెప్పే వ్యాసం కాదు. మన తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ ఇరవైఒకటి నిండనివారికి మద్యం అమ్మకూడదని చట్టం. ఆరోగ్యానికి ఢోకా లేని మోతాదంటూ మద్యంలో ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2023లో తెగేసి చెప్పింది. గుర్రం ఎక్కకుండానే గుర్రప్పందాల సినిమా చూసి ఆనందించమూ? అలాగే ఇదీను.

ఎవరీ షాబ్లీ?

బాండ్ అడిగిన 'బ్లాంక్ డి బ్లాంక్' అన్న మాటకి 'తెల్లవాటి నుంచి తీసిన తెల్లది' అని అర్థం. షాంపేన్‌లో నల్ల ద్రాక్ష రసం కూడా కలుపుతుంటారు. తోలు తీసేస్తే నల్ల ద్రాక్ష రసమూ తెల్లగానే ఉంటుంది మరి. అలా కలపకుండా తెల్ల ద్రాక్షతోనే చేసినది బ్లాంక్ డి బ్లాంక్. ఆ తెల్ల ద్రాక్ష దాదాపు ఎప్పుడూ షార్డనే అనే జాతే.

అదే షార్డనే ద్రాక్షని షాంపేన్ సీమకి దక్షిణంగా కొంచెం దిగి, నురగ లేకుండా, బుడగ లేకుండా వైనుగా మారిస్తే అది షాబ్లీ. అంటే బాండ్ తాగినదానికి ఇది దగ్గర చుట్టం. తళుకుబెళుకులు లేని చుట్టం.

షాబ్లీ అన్నది నిజానికి ఒక చిన్న ఊరి పేరు. పారిస్‌కి ఆగ్నేయంగా సుమారు 180 కిలోమీటర్ల దూరం, యోన్ జిల్లాలో ఉంది. ఇంగ్లీషు అక్షరాలు చూసి 'చాబ్లిస్' అని చదివేరు! ఫ్రెంచివాళ్ళు చివరి అక్షరం రాస్తారుగాని పలకరు. ఊరి పక్కన సెరాన్ అని చిన్న నది. బర్గండీ ప్రాంతంలోకే లెక్కగాని, ఆ ప్రాంతానికి గుండెకాయలాంటి బోన్ పట్నం ఇక్కడికి వంద కిలోమీటర్ల పైమాటే. దానికంటే షాంపేన్ దక్షిణపు తోటలే దగ్గర. ఉత్తరాన ఉండటంవల్ల చలి ఎక్కువ. చలి వల్ల ద్రాక్షలో తీపి నిదానంగా ఎక్కుతుంది, పులుపు నిలబడుతుంది. షాబ్లీ కథంతా ఆ పులుపులోనే ఉంది.

ఆ నేల మరీ చిత్రం. సుమారు 15 కోట్ల సంవత్సరాల కిందట అక్కడ వెచ్చని లోతులేని సముద్రం ఉండేది. ఆనాటి బుల్లి ఆలుచిప్పలు, కామా గుర్తు ఆకారంలో వేలిగోరంతేసి ఉండేవి, కోట్లకొద్దీ అడుగున పేరుకుని రాయిగా మారాయి. ఇవాళ షాబ్లీ తోటలో మట్టిపెళ్ళ తిరగేస్తే ఆ చిప్పల గుర్తులు కనిపిస్తాయి. ఈ రకం మట్టికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు కిమ్మరిడ్జియన్. ఇంగ్లండులోని డార్సెట్ తీరాన కిమ్మరిడ్జ్ అనే పల్లె నుంచి వచ్చిన పేరు అది.

దీన్ని పట్టుకుని వైను వ్యాపారులు ఒక కథ అల్లారు. ఆలుచిప్పల నేలలో పండింది కాబట్టే ఈ వైను ఆలుచిప్పలతో అంత బాగా కుదురుతుందట! వినడానికి ఎంత ముద్దుగా ఉందో చూడండి, ఇంటర్వెల్ ట్విస్టులాగా. కాని రాతి రుచి వేళ్ళ ద్వారా పైకెక్కి గ్లాసులోకి రాదని భూగర్భ శాస్త్రం చెబుతుంది. ఆ నేల చేసేది వేరు. తేమని పట్టి ఉంచుతుంది, ఎక్కువైన నీటిని వదిలేస్తుంది, వేళ్ళని లోతుకు దిగనిస్తుంది. ఆలుచిప్పలతో జత కుదిరేది పాత చుట్టరికం వల్ల కాదు. పులుపు వల్ల.

చింతపండు రహస్యం

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. వేయించిన చేప ముక్క మీద నిమ్మకాయ పిండుతాం కదా, ఎందుకు? చేప నీచు వాసనకి కారణం అమీన్లనే పదార్థాలు. అవి క్షారగుణం ఉన్నవి, గాలిలోకి ఇట్టే ఎగిరి ముక్కుకి తగులుతాయి. పులుపు తగిలిందా, వాటి కాళ్ళకి బంధం పడుతుంది, ఎగరలేవు. వాసన అణుగుతుంది. రెండో సంగతి: నూనె, వెన్న, కొవ్వు నోట్లో పొరలా పరుచుకుంటే నాలుక మొద్దుబారుతుంది. పులుపు నోరూరించి ఆ పొరని కడిగేస్తుంది. తరువాతి ముద్ద మళ్ళీ మొదటి ముద్దలా ఉంటుంది.

నిమ్మకాయ మనకి చేసే పనే షాబ్లీ ఫ్రెంచివాడికి చేస్తుంది. ఇంకా దగ్గరి బంధువు ఒకటుంది. నిమ్మలోది సిట్రిక్ ఆమ్లం. ద్రాక్షలో ప్రధానంగా ఉండేది టార్టారిక్ ఆమ్లం. సృష్టిలో చాలా పళ్ళలో ఇది ఉండీ లేనట్టే ఉంటుంది. మెండుగా ఉండేవి కొన్నే. వాటిలో ఒకటి ద్రాక్ష, మరొకటి ఏమిటో తెలుసా? మన చింతపండు!

అంటే గోదావరి ఒడ్డున చేపల పులుసులో చింతపండు పిసికిన చేయీ, పారిస్‌లో చేప పక్కన షాబ్లీ గ్లాసు పెట్టిన చేయీ ఒకే ఆమ్లాన్ని నమ్ముకున్నాయన్నమాట. ఒకరు పులుపుని కుండలో కలిపారు, ఇంకొకరు పక్కన గ్లాసులో పెట్టారు. తేడా అంతే. ఆ సూత్రాన్ని మనకి ఏ బట్లరూ నేర్పలేదు. అమ్మమ్మ నేర్పింది.

మరి ఎర్రది ఎందుకు వద్దు?

ఎర్ర వైనుని తోలుతో, గింజలతో కలిపి పులియబెడతారు. ఆ తోలులోంచి రంగుతోపాటు వగరు కూడా దిగుతుంది. పచ్చి అరటికాయ కొరికినప్పుడు నోరు పట్టేసినట్టుంటుందే, ఆ జాతి వగరు. మేక మాంసం, పశుమాంసం లాంటి గట్టి మాంసాలతో అది చక్కగా సర్దుకుంటుంది. సున్నితమైన చేప దగ్గర రౌడీలా ప్రవర్తిస్తుంది.

కాని చేప తిన్నాక ఎర్ర వైను తాగితే నోట్లో ఇనుము నాకినట్టు, పాత నీచు వాసన వేసినట్టు ఉంటుందే, దానికి అసలు దోషి ఎవరో 2009లో బయటపడింది. జపాన్‌లో మెర్షియన్ అనే వైను సంస్థ పరిశోధకులు పదులకొద్దీ వైన్లని సముద్రపు గుల్లమాంసంతో కలిపి రుచి చూసి లెక్కలు కట్టారు. దోషి వగరు కాదు, రంగు అంతకన్నా కాదు. వైనులో ఉండే ఇనుము! లీటరుకి సుమారు రెండు మిల్లీగ్రాములు దాటితే నీచు రుచి ముదురుతోంది. ఇనుము లేనిదానికి ఇనుము కలిపి చూస్తే దోషం వచ్చింది, ఉన్నదాన్ని కట్టడి చేస్తే దోషం పోయింది. పత్తేదారు సినిమాలో చివరి రీలులాగా లేదూ?

ఇందులో ఉన్న న్యాయం గమనించారా? ఎర్ర వైన్లలో ఇనుము ఎక్కువగా కనిపిస్తుంది కనక పాత సూత్రం చాలాసార్లు నిజమే. కాని ఇనుము తక్కువున్న ఎర్ర వైన్లూ ఉన్నాయి, ఎక్కువున్న తెల్లవీ ఉండొచ్చు. రంగు చూసి మనిషికి మార్కులు వెయ్యడం కుదరదు. గ్రాంట్ హంతకుడన్నది నిజం. కాని అతను హంతకుడని తేల్చడానికి ఎర్ర గ్లాసు సాక్ష్యం చాలదు. కోర్టులో ఆ కేసు నిలవదు!

బాండ్‌కి ఈ జబ్బు అక్కడితో తగ్గలేదు. 1971లో వచ్చిన 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' చివర ఓడలో ఇద్దరు హంతకులు వడ్డించేవాళ్ళ వేషంలో వస్తారు. ముతోన్ రోత్‌షీల్డ్ అనే ఘనమైన ఎర్ర వైను తెస్తారు. ఇంత మంచి విందుకి క్లారెట్ ఉంటుందనుకున్నానే అంటాడు బాండ్ అమాయకంగా. మా దగ్గర క్లారెట్లు పెద్దగా లేవండీ అంటాడు దొంగ బట్లర్. ముతోన్ రోత్‌షీల్డే ఒక క్లారెట్! ఇంగ్లీషువాళ్ళు బోర్డో ఎర్ర వైన్లకి పెట్టుకున్న పేరే క్లారెట్. మళ్ళీ దొరికిపోయారు. ఇక్కడ మాత్రం బాండ్ పక్షమే న్యాయం. బట్లరునని చెప్పుకున్నవాడికి తన సరుకేమిటో తెలియాలి కదా. తినడానికి వచ్చినవాడికి ఆ షరతు లేదు.

లేబులు చించితే

వైను పేర్ల మహత్యం ఎంతవరకో తేల్చిన రోజు ఒకటుంది. 1976 మే 24. పారిస్‌లో వైను దుకాణం నడిపే స్టీవెన్ స్పరియర్ అనే ఇంగ్లీషాయన ఒక పోటీ పెట్టాడు. ఫ్రెంచి వైన్లు, కాలిఫోర్నియా వైన్లు, పేర్లు కనపడకుండా. న్యాయనిర్ణేతలు ఫ్రెంచి ఉద్దండులు. తెల్లవాటిలో అన్నీ షార్డనేలే. నాలుగు బర్గండీవి, ఆరు కాలిఫోర్నియావి. పోటీలో షాబ్లీ లేదుగాని, దాని పెద్దింటి అన్నదమ్ములు దిగారు. గుడ్డ తీసేసరికి మొదటి స్థానంలో ఉన్నది 1973 నాటి షాటో మోంటెలీనా. అది కాలిఫోర్నియాది! ఉద్దండులు ఏది తమ దేశానిదో, ఏది పరాయిదో కూడా తడబడ్డారు. ఈ కథనే 2008లో 'బాటిల్ షాక్' పేరుతో సినిమా తీశారు. స్పరియర్ వేషం అలన్ రిక్‌మన్‌ది.

సీసా మీది పేరు చూసి తలలూపే ఉద్దండులే అలా బోల్తా పడ్డారంటే, మెనూ కార్డు ముందు మన కుర్రవాడు చెమటలు పట్టించుకోవాల్సిన పనేముంది చెప్పండి?

పేరు గొడవ షాబ్లీకి ఇంకోలా కూడా తగిలింది. అమెరికాలో దశాబ్దాలపాటు ఏదో ఒక చవక తెల్ల వైనుని పెద్ద జాడీల్లో పోసి 'షాబ్లీ' అని అమ్మేశారు. షార్డనే ద్రాక్ష ఉండాలన్న నియమం కూడా లేదు. చివరికి గులాబీరంగు షాబ్లీ సైతం వచ్చింది! అసలు హీరో ఊళ్ళో పస్తులుంటుంటే డూప్ ఊరేగింపు చేసుకున్నట్టు. 2006లో యూరప్, అమెరికాల మధ్య కుదిరిన ఒప్పందంతో కొత్తవాళ్ళెవరూ ఆ పేరు వాడకుండా అడ్డుకట్ట పడింది. అంతకుముందు నుంచీ వాడుతున్నవాళ్ళకి మాత్రం మినహాయింపు మిగిలింది.

మొగ్గని కాపాడే రాత్రి

హీరో పస్తులన్నది ఊరికే అన్న మాట కాదు. షాబ్లీ తోటల్ని ఒకప్పుడు పెంచింది సన్యాసులు. 1114లో వెలసిన పొంటినీ మఠంవాళ్ళు. నదిలో పడవల మీద పారిస్ పోయేది ఈ వైను. 19వ శతాబ్దంలో రైళ్ళొచ్చి దక్షిణాది చవక వైనుని పారిస్‌లో గుమ్మరించాయి. శతాబ్దం చివర వేళ్ళని కొరికేసే ఫిల్లోక్సెరా అనే పురుగు వచ్చి తోటల్ని ఊడ్చేసింది. తరువాత యుద్ధాలు. 1950లలో షాబ్లీలో మిగిలినది సుమారు 500 హెక్టార్లు, అంటే ఒక పన్నెండొందల ఎకరాలు. ఇవాళ అది 5,000 హెక్టార్ల పైమాటే. పదింతలు!

ఆ పునర్జన్మకి అడ్డుపడిన అసలు విలన్ ఎవరో తెలుసా? ఏప్రిల్ నెల. ఎండలు మొదలయ్యాయని తీగ అప్పుడే చిగురు తొడుగుతుంది. ఒక్క రాత్రి చలి సున్నా కిందికి జారిందంటే ఆ లేత చిగురు తెల్లారేసరికి నల్లబడిపోతుంది. ఏడాది పంట ఏడు గంటల్లో పోతుంది. 1957లో దాదాపు పంటే లేకుండా పోయింది.

అందుకని ఆ రాత్రుల్లో ఊరు నిద్రపోదు. కొండవాలు పొడుగునా, వరసకీ వరసకీ మధ్య మైనపు కుండలు, నూనె కుంపట్లు వెలిగిస్తారు. దూరం నుంచి చూస్తే కొండంతా కార్తీక దీపాలు పెట్టినట్టుంటుంది. చూసేవాళ్ళకి అందం, పెట్టినవాళ్ళకి గుండె దడ. కొందరు ఇంకో ఉపాయం చేస్తారు. చిగుళ్ళ మీద రాత్రంతా నీళ్ళు చల్లుతారు. చలికి ఇదేం వైద్యమండీ అనకండి. నీరు గడ్డకట్టేటప్పుడు కొంత వేడిని వదులుతుంది. నీళ్ళు ఆపకుండా పడుతున్నంతసేపూ ఆ మంచు గుల్ల లోపల చిగురు సున్నా దగ్గరే ఆగి బతుకుతుంది. నీళ్ళు మధ్యలో ఆగాయో, సచ్చిందే!

2021 ఏప్రిల్ మొదట్లో వచ్చిన రాత్రుల్లో షాబ్లీ దీపాల ఫొటోలు ప్రపంచమంతా పత్రికల్లో పడ్డాయి. మార్చిలో వేడి ముందే వచ్చి చిగుళ్ళు తొందరపడ్డాయి, ఏప్రిల్‌లో మంచు ఆలస్యంగా వచ్చి వాటిని కాటేసింది. ఫ్రాన్స్‌లో చాలా చోట్ల ద్రాక్ష, పళ్ళ తోటలు దెబ్బతిన్నాయి. వాతావరణం మారుతున్నకొద్దీ చిగురు ముందుకి జరుగుతోంది, మంచు మాత్రం తన వేళ మానుకోవడం లేదు. మిర్చి కోతకొచ్చాక పడిన అకాల వర్షం చూసిన మన రైతుబిడ్డలకి ఇంతకన్నా వివరంగా చెప్పనక్కరలేదు.

తెర మీద బాండ్ కనుబొమ ఎగరేసి తెల్ల వైను తెమ్మన్నప్పుడు మనకి దర్జా కనిపిస్తుంది. ఆ గ్లాసు వెనక మాత్రం కుంపటి దగ్గర కళ్ళు ఎర్రబడ్డ రైతు ఉన్నాడు.

దేనికి ఏది?

షాబ్లీలో నాలుగు మెట్లు. అట్టడుగున పెతీ షాబ్లీ, దానిపైన షాబ్లీ, ఆపైన ప్రీమియర్ క్రూ, శిఖరాన గ్రాండ్ క్రూ. గ్రాండ్ క్రూ అంతా ఊరికెదురుగా ఉన్న ఒకే కొండవాలు మీద, ఏడు ముక్కలుగా, మొత్తం కలిపి వంద హెక్టార్ల దరిదాపు. చాలావరకు షాబ్లీని ఉక్కు తొట్టెల్లోనే తయారుచేస్తారు, కొత్త కొయ్య పీపాల వాసన అంటనివ్వరు. అందుకే దాని పులుపు, శుభ్రత సూటిగా తెలుస్తాయి.

ఇక జతల మాట. పచ్చి ఆలుచిప్పలు మంచు మీద పెట్టి తెస్తే, వాటి ఉప్పదనానికి పెతీ షాబ్లీగాని, మామూలు షాబ్లీగాని చాలు. వెన్నలో వేయించిన సోల్ చేపకి షాబ్లీ. బర్గండీవాళ్ళు నత్తల్ని వెల్లుల్లి, పార్స్‌లీ ఆకు కలిపిన వెన్నలో వండుతారు. అంత వెన్నని కోసేయడానికి ఈ పులుపే కత్తి. చీజ్ కలిపి పొంగించిన గుజేర్ అనే బుల్లి బన్నులు మరో స్నేహితులు. షాబ్లీ ఊళ్ళో పంది మాంసాన్ని ఈ వైనుతోనే చేసిన చారులో వండి పెడతారు. చీజుల్లో మేకపాలవి, పొరుగు సీమ షావుర్స్ అనే మెత్తటిది. లాబ్‌స్టర్ రొయ్య, మీగడ చారులో కోడి లాంటి బరువైన వంటకాలు వస్తే అప్పుడు గ్రాండ్ క్రూని పిలుస్తారు. అది పదేళ్ళు దాచినా నిలుస్తుంది. చల్లదనం కూడా ముఖ్యమే. మామూలు షాబ్లీ పది పదకొండు డిగ్రీల దగ్గర, గ్రాండ్ క్రూ దానికన్నా రెండు మూడు డిగ్రీలు వెచ్చగా. మరీ గడ్డకట్టిస్తే రుచి నోరు మూసుకుంటుంది.

మరి మన నెల్లూరు చేపల పులుసుతోనో? నిజం చెప్పాలంటే, కుదరదు. కారం ఉన్నచోట ఆల్కహాలు మంటని ఇంకా ఎగదోస్తుంది. పైగా పులుసులో చింతపండు ముందే దిగి కూచుంది, పులుపు మీద పులుపు పోసి ఏం లాభం? కారపు వంటలకి కాస్త తీపి మిగిలిన తెల్ల వైన్లే నయమంటారు, ఆల్సాస్ సీమ గెవుర్స్‌ట్రామినర్ లాంటివి. ఇది మన పులుసు లోపమూ కాదు, షాబ్లీ లోపమూ కాదు. ఇద్దరు హీరోలకి ఒకే పాత్ర ఇస్తే సినిమా ఆడుతుందా?

నిమ్మరసం కాబోలు!

చివరగా ఒక్క సినిమా పేరు చెప్పి సెలవు తీసుకుంటాను. 1987లో డెన్మార్క్ నుంచి వచ్చిన 'బాబెత్స్ ఫీస్ట్'. దర్శకుడు గేబ్రియల్ ఏక్సెల్. ఉత్తమ విదేశీ చిత్రంగా ఆస్కార్ తెచ్చుకుంది. ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చి, మారుమూల సముద్రతీరపు పల్లెలో వంటమనిషిగా కుదిరిన బాబెత్‌కి లాటరీలో పదివేల ఫ్రాంకులు తగులుతాయి. ఆ డబ్బంతా ఒక్క రాత్రి విందుకి ఖర్చుపెట్టేస్తుంది. తినేవాళ్ళు ఎవరు? ఎండుచేపా, బ్రెడ్డు గంజీ తప్ప ఎరగని భక్తులైన పల్లె ముసలివాళ్ళు. రుచి గురించి పెదవి విప్పకూడదని ఒట్టు పెట్టుకుని మరీ వచ్చి కూచుంటారు.

చేపగుడ్లు పెట్టిన చిన్న అట్లతో బాబెత్ షాంపేన్ పంపిస్తుంది. బల్ల దగ్గర ఉన్న జనరల్‌గారు లోకం చూసినవాడు, ఒక్క గుక్కలో అది ఏ షాంపేనో, ఏ ఏడాదిదో కనిపెట్టి అదిరిపోతాడు. ఆయన పక్కనే ఉన్న పల్లె ముసలావిడ? ఇదేదో నిమ్మరసం లాంటిది కాబోలు అనుకుంటుంది!

హాల్లో ఆవిడని చూసి నవ్వుతాం. నవ్వి, ఆలోచిస్తే తెలుస్తుంది. ఆవిడ చెప్పింది ముమ్మాటికీ సరైనదే. ఉప్పటి చేపగుడ్ల పక్కన ఆ గ్లాసు చేసే పని నిమ్మరసం పనే. జనరల్‌కి పేరు తెలిసింది, ఆవిడకి పని తెలిసింది. ఆ విందు పూర్తయ్యేసరికి ఏళ్ళతరబడి మాటలు మానుకున్నవాళ్ళు కలిసిపోతారు, పాత పగలు కరిగిపోతాయి. ఎవరికి ఏ పేరు తెలుసో ఎవరూ అడగరు.

కనక తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఎప్పుడైనా ఏ పెద్దింటి బల్ల దగ్గరైనా ఎవరైనా కనుబొమ ఎగరేస్తే కంగారు పడకండి. పేర్లు నేర్చుకోవడానికి ఒక సాయంకాలం చాలు. నాలుక నేర్చుకోవడానికి ఒక బాల్యం కావాలి. అది మీకు చింతపండు పులుసు సాక్షిగా ఎప్పుడో అయిపోయింది.

మళ్ళీ వచ్చే వారం, ఇంకో తెర, ఇంకో వంటకం.